నాణెం వేస్తే కదిలిన విమానం: ఎడ్విన్ లింక్ జీవితం



మీ ఇంట్లో కంప్యూటర్ మీదో ఫోన్‌లోనో యుద్ధవిమానాల గేమ్ ఆడే పిల్లలున్నారా? ఉంటే ఒక గొడవ మీ చెవిన పడే ఉంటుంది. వార్ థండర్ అనే గేమ్‌లో ఒకే విమానాన్ని మూడు రకాలుగా నడపొచ్చు. ఆర్కేడ్ మోడ్‌లో మౌస్ ఎటు తిప్పితే విమానం అటు పోతుంది, తూటాలు అయిపోతే గాల్లోనే మళ్లీ నిండుతాయి, కూలిపోతే ఇంకో విమానంతో వెంటనే వచ్చేయొచ్చు. సిమ్యులేటర్ మోడ్‌లో కాక్‌పిట్ లోపలి నుంచే చూడాలి, కాస్త గట్టిగా లాగితే విమానం గింగిరాలు కొడుతూ కింద పడుతుంది. రెండింటికీ మధ్యస్థంగా ఇంకొకటి ఉంది. డీసీఎస్ లాంటి గేములు వీటికంటే కఠినం, ఇంజన్ స్టార్ట్ చేయడానికే వరసగా బోలెడు స్విచ్‌లు నొక్కాలి. నిజం విమానంలా ఉంటేనే అది గేమ్ అంటుంది ఒక జట్టు. ఆడుకోవడానికి కూర్చున్నాం గానీ పరీక్ష రాయడానికి కాదంటుంది ఇంకో జట్టు. మా ఎనిమిదో తరగతిలో లంచ్ బెల్ తర్వాత ఈ రెండు జట్ల వాదన వింటే టీవీ చర్చలు దిగదుడుపే.

ఇది ఈ తరం పిల్లకాయలు కొత్తగా కనిపెట్టిన వాదన కాదు. దాదాపు వందేళ్ల కిందట ఒకాయన తయారుచేసిన మొట్టమొదటి యంత్రంలోనే ఇది ఉంది. ఆయన పేరు ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్. మన ఊళ్లలో ఆ పేరు అంతగా వినపడదు గానీ, విమానం నడపడం నేర్చుకున్నవాళ్లలో లింక్ ట్రైనర్ గురించి విననివాళ్లు తక్కువ. ఈ నెల పరిచయం ఆయన గురించే.

లింక్ 1904 జులై 26న అమెరికాలోని ఇండియానా రాష్ట్రం హంటింగ్టన్‌లో పుట్టారు. 1910లో కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హాంటన్ అనే ఊరికి మారింది. వాళ్ల నాన్న అక్కడ దివాలా తీసిన ఒక సంగీత వాద్యాల కంపెనీని కొని, దాన్ని లింక్ పియానో అండ్ ఆర్గాన్ కంపెనీగా నడిపించారు. అప్పటికి సినిమాలకు ఇంకా మాటలు రాలేదు. తెర మీద బొమ్మ నడుస్తుంటే హాల్లో ఎవరో ఒకరు ఆర్గాన్ వాయించాలి. మన భజన మందిరంలో హార్మోనియం చూడండి. వెనకున్న తిత్తిని చేత్తో ఆడిస్తుంటే లోపలికెళ్లిన గాలి స్వరమై బయటికొస్తుంది. థియేటర్ ఆర్గాన్‌లోనూ పని చేసేది గాలే, కాకపోతే అది ఒక గది నిండా ఉంటుంది. మనిషి వేలు పెట్టకుండానే వాయించుకునే పియానోలు కూడా ఆ కంపెనీ చేసేది. కాగితం చుట్టకు చిల్లులు పెట్టి తిప్పితే, ఏ చిల్లు దగ్గర గాలి దూరితే ఆ మీట పలుకుతుంది. ఎడ్విన్ ఈ తిత్తులు, పంపులు, గొట్టాల మధ్యే పెరిగారు. ఆయన చదువు గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. చేతిపని మాత్రం కొట్టినపిండి.

1920లో, పదహారేళ్ల వయసులో, కాలిఫోర్నియాలో మొదటి విమాన పాఠానికి వెళ్లారు. చార్లీ చాప్లిన్ అన్న సిడ్నీ చాప్లిన్‌కు అక్కడ ఒక విమాన సంస్థ ఉండేది. పాఠం ఫీజు 50 డాలర్లు, ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. పైలట్ ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టుకుని పైకి తీసుకెళ్లి, పల్టీలు కొట్టించి, గిరగిరా తిప్పి, మళ్లీ దించేశాడు. పాఠం మొత్తం మీద కుర్రాడి చెయ్యి ఒక్కసారి కూడా కంట్రోల్స్ మీద పడలేదు. ఫీజు కట్టి పంపిన పిల్లవాడికి నెలంతా పెన్ను ముట్టుకోనివ్వని ట్యూషన్‌ను ఊహించుకోండి, సరిగ్గా అదే. తప్పు ఆ పైలట్‌ది మాత్రమే అని కూడా అనలేం. గాల్లో కొత్తవాడి చేతికి కంట్రోల్స్ ఇస్తే ఇద్దరి ప్రాణాలూ పోవచ్చు. ఇవ్వకపోతే నేర్చుకునేదెలా? ఈ చిక్కుముడి లింక్ మనసులో అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆయన విమానం నడపడం నేర్చుకున్నారు, సెస్నా కంపెనీ బయటికిచ్చిన మొట్టమొదటి విమానాన్ని కొన్నారు కూడా. ఒక పక్క నాన్న ఫ్యాక్టరీలో పని, ఇంకో పక్క ఈ పిచ్చి. 1927 నుంచి 1929 మధ్య సుమారు పద్దెనిమిది నెలలు ఫ్యాక్టరీ కింది అంతస్తులో కూర్చుని ఒక విచిత్రమైన బండిని తయారుచేశారు. చెక్కతో చేసిన చిన్న విమానం, పొట్టి రెక్కలు, పొట్టి తోక. దాని కింద ఆర్గాన్ తిత్తులు. లోపల కూర్చున్న మనిషి స్టిక్ ముందుకు తోస్తే ముందు తిత్తిలో గాలి తగ్గి ముక్కు కిందికి వంగుతుంది. పక్కకు తోస్తే ఆ పక్కకు ఒరుగుతుంది. పెడల్ నొక్కితే బొమ్మ మొత్తం గుండ్రంగా తిరుగుతుంది. నేల మీద నుంచి అంగుళం కూడా లేవదు. విమానం కంట్రోల్స్ చేతికి ఎలా తగులుతాయో, ఏది కదిపితే ఏమవుతుందో మాత్రం ఒళ్లే చెబుతుంది. ఎన్ని తప్పులు చేసినా ఎవరికీ ఏమీ కాదు.

పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు, 1931లో వచ్చింది. ఆ పేటెంట్‌కు ఆయన పెట్టిన పేరు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. విమానం నేర్చుకునేవాళ్లకు శిక్షణ, జనానికి వినోదం, రెండూ ఇచ్చే పరికరం అని ఒకే పేరులో రెంటినీ కలిపి రాయించుకున్నారు. మా క్లాసులోని రెండు జట్లనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టినట్టు.

కొనడానికి ముందుకొచ్చింది మాత్రం వినోదం వాళ్లే. విమాన శిక్షణ స్కూళ్లు ఈ బొమ్మను పట్టించుకోలేదు, సైన్యమూ పట్టించుకోలేదు. అమ్యూజ్‌మెంట్ పార్కులు కొన్నాయి. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకు వెళ్లినప్పుడు రంగులరాట్నం దగ్గర పిల్లలు ఎలా గుమిగూడతారో, అక్కడా అలాగే. నాణెం వేయి, ఎక్కు, ఊగు, దిగు. పైలట్లను తయారుచేద్దామని చేసిన యంత్రం జాతర సామానుగా మిగిలిపోయిందని లింక్ బాధపడ్డారో లేదో గానీ, ఆ ఆదాయాన్ని చిన్నచూపు చూడలేదు. ఆర్థిక మాంద్యం రోజులు, పైగా సినిమాలకు మాటలొచ్చి ఆర్గాన్లకు గిరాకీ పడిపోయింది. ఆయన సొంతంగా ఒక ఫ్లయింగ్ స్కూలు పెట్టి, విద్యార్థులకు ముందు ఈ బొమ్మలో నేర్పి తర్వాత విమానం ఎక్కించేవారు. రాత్రిళ్లు విమానం రెక్కల కింద బల్బులతో అక్షరాలు వెలిగించి కంపెనీలకు ప్రకటనలు చేసేవారు. ఆ అక్షరాలను వెలిగించి ఆర్పింది మళ్లీ పియానోలో వాడే చిల్లుల కాగితం చుట్టే!

ఈ ప్రకటనల పనే ఆయనకు అసలు విద్య నేర్పింది. రాత్రిపూట, మబ్బుల్లో, కింద ఏమీ కనపడనప్పుడు కేవలం డయల్స్ చూసుకుంటూ నడపడం.

అది ఎందుకంత కష్టమో తెలియాలంటే హార్స్‌లీ హిల్స్ గుర్తు తెచ్చుకోండి. చలికాలం పొద్దున్నే ఘాట్ ఎక్కుతున్నప్పుడు మంచు కమ్మేస్తే కారు బానెట్ దాటి ఏమీ కనిపించదు. అయినా మన కింద రోడ్డుంది, బ్రేకుంది, ఆపి నిలబడొచ్చు. విమానాన్ని ఆపి నిలబెట్టలేం. ఇంకో ప్రమాదం మన చెవిలోనే ఉంది. చిన్నప్పుడు కళ్లు మూసుకుని గిరగిరా తిరిగి ఆగితే, ఆగిన తర్వాత కూడా తిరుగుతున్నట్టే అనిపించేది కదా. లోపలి చెవిలోని ద్రవం చేసే మోసం అది. మబ్బులో ఉన్న పైలట్‌కు విమానం ఒరిగిపోతున్నా నిటారుగానే ఉన్నట్టు ఒళ్లు చెబుతుంది. ఒంటిని నమ్మితే నేలను ఢీకొంటాడు. డయల్‌ను నమ్మాలి. కళ్లు చెప్పనిది, ఒళ్లు అబద్ధం చెప్పేది, ఒక ముల్లు చెబితే నమ్మడం పుస్తకం చదివితే రాదు. లింక్ తన బొమ్మకు డయల్స్ బిగించి, పైన ఒక మూత పెట్టారు. మూత వేస్తే లోపలివాడికి బయటి ప్రపంచం ఉండదు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలతో ఉన్న విమాన తపాలా ఒప్పందాలను రద్దు చేసి, ఆ పనిని సైన్యానికి అప్పగించింది. సైన్యం పైలట్లు ధైర్యవంతులే గానీ, ఎక్కువమందికి పగటి వెలుగులో నడపడమే అలవాటు. ఇప్పుడు నడి చలికాలంలో, రాత్రుళ్లు, మంచులో ఉత్తరాల మూటలు మోయాలి. కొన్ని వారాల్లోనే పదిమందికి పైగా వైమానికులు చనిపోయారు. దేశమంతా గగ్గోలు. అప్పుడు జాతర బొమ్మ గుర్తొచ్చింది సైన్యానికి.

లింక్‌ను నెవార్క్ విమానాశ్రయానికి రమ్మన్నారు. ఆ రోజు దట్టమైన పొగమంచు. ఈ వాతావరణంలో ఎవరూ రాలేరని అధికారులు వెళ్లిపోబోతున్నారు. ఇంతలో మంచులోంచి ఇంజన్ చప్పుడు. లింక్ తన విమానాన్ని డయల్స్ చూసుకుంటూ దించేశారు. ఆయన ఇంకేమీ వివరించనక్కర్లేకపోయింది. 1934 జూన్‌లో సైన్యం ఆరు ట్రైనర్లకు ఆర్డరిచ్చింది, ఒక్కోటి 3,500 డాలర్లు.

ఇక్కడ కాస్త ఆగి ఆ ట్రైనర్ ఎలా ఉండేదో చూడమని మిమ్మల్ని అడుగుతాను. ఎందుకంటే మన పిల్లల వాదనకు కావలసింది ఇందులోనే ఉంది. బయటికి అది అచ్చం పిల్లల బొమ్మ. నీలం రంగు డబ్బా, పసుపు రెక్కలు. సైనికులు దాన్ని నీలం పెట్టె అనే పిలిచేవారు. లోపల కూర్చున్నవాడికి ఆకాశం కనపడదు, కొండలు కనపడవు, శత్రు విమానం అసలే లేదు. ఈ రోజు పిల్లలు గ్రాఫిక్స్ చూసి రియల్‌గా ఉందంటారే, ఆ లెక్కన దీనికి సున్నా మార్కులు. కానీ డయల్ ముల్లు కదిలే తీరు నిజం. స్టిక్ తోసినప్పుడు ఒరిగే తీరు నిజం. హెడ్‌ఫోన్‌లో వినపడే రేడియో సంకేతం నిజం విమానంలో వచ్చేటట్టే వస్తుంది, దాన్ని పంపేది పక్క బల్ల దగ్గర కూర్చున్న శిక్షకుడు. ఆ బల్ల మీద మ్యాపు, మ్యాపు మీద మూడు చక్రాల చిన్న పరికరం. దాన్ని పీత అనేవారు. లోపలివాడు ఎటు నడిపితే పీత అటు పాకుతూ సిరాతో గీత గీస్తుంది. అరగంట తర్వాత మూత తీసి చూస్తే, నేరుగా వెళ్లాననుకున్నవాడి గీత వంకరలు తిరిగి ఉంటుంది. దిద్దిన ఆన్సర్ షీటులాగా. మనిషిని చంపే విషయాన్ని లింక్ వెతికి పట్టుకుని దాన్ని మాత్రం నిజంగా చేశారు, మిగతాది వదిలేశారు.

అందుకే గేమ్ రియల్‌గా ఉందా అని మీ అబ్బాయినో అమ్మాయినో అడగడం కంటే, అందులో ఏది రియల్‌గా ఉందని అడగండి. జవాబులు భలే ఉంటాయి. ఒకరు ఇంజన్ శబ్దం అంటారు. ఒకరు మలుపు తిరిగితే వేగం తగ్గడం అంటారు. ఒక అమ్మాయి నాతో, పెట్రోలు అయిపోవడం ఒక్కటే రియల్ అంది.

మొన్న పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక తండ్రి తన కొడుకు ఆర్కేడ్ మోడ్ ఆడి సమయం వృథా చేస్తున్నాడని, పైలట్ కావాలనుకుంటున్నాడు కాబట్టి ఇకపై సిమ్యులేటర్ మోడే ఆడాలని నియమం పెట్టానని చెప్పారు. ప్రేమతోనే పెట్టారు. కానీ రెండు వారాలకు ఆ అబ్బాయి గేమూ మానేశాడు, విమానాల మాటా మానేశాడు. ఆయన మంచి ఉద్దేశాన్ని తప్పుపట్టను గానీ, ఆటను ఇంకో కోచింగ్ క్లాసు చేస్తే జరిగేది ఇదే అని నా అభిప్రాయం. పార్కులో నాణెం వేసి ఊగిన పిల్లలెవరికీ లింక్ పరీక్ష పెట్టలేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ 1982లో వచ్చినప్పుడు కూడా, విమానం ఎలా ఎగురుతుందో నేర్పే ఆ గంభీరమైన ప్రోగ్రామ్‌లోనే మొదటి ప్రపంచ యుద్ధపు డాగ్‌ఫైట్ ఆట ఒకటి పెట్టారు. కాలక్షేపానికి ఆడేవాడికి కూలిపోయినా నవ్వుకునే హక్కు ఉండాలి. రోజుకు ఎంతసేపు అనేది వేరే విషయం, అది మీరు గట్టిగానే చెప్పాలి.

మళ్లీ లింక్ దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ ఆరు ట్రైనర్లు వేలయ్యాయి. పదివేలకు పైగా తయారుచేశారు, ఐదు లక్షల మందికి పైగా వైమానికులు వాటిలో నేర్చుకున్నారని లెక్క. బ్రిటన్‌కు కూడా వెళ్లాయి. అమెరికా నౌకాదళంలో చాలాచోట్ల పీత పక్కన కూర్చుని పైలట్లకు నేర్పిన శిక్షకులు మహిళలే. విమానాల గేములంటే అబ్బాయిల వ్యవహారమనుకునే మన ఇళ్లలో ఈ మాట చెప్పండి. నక్షత్రాలను చూసి దారి తెలుసుకునే బాంబర్ సిబ్బంది కోసం గోపురంలాంటి ఎత్తయిన కట్టడంలో కృత్రిమ ఆకాశాన్నే పెట్టారు లింక్, అవసరమైనప్పుడు ఆకాశమూ తయారుచేశారన్నమాట. ఒక విషయం దాచకూడదు. యుద్ధానికి కొన్నేళ్ల ముందు జపాన్ నౌకాదళం కూడా ఈ ట్రైనర్లను కొంది. ప్రాణాలు కాపాడడానికి చేసిన యంత్రం, తర్వాత ఒకరి మీద ఒకరు బాంబులు వేసుకున్న రెండు పక్షాలకూ పాఠం చెప్పింది.

మన తెలుగు నేల మీద కూడా ఈ వారసత్వం ఉంది. హైదరాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఏళ్ల తరబడి పైలట్లు సిమ్యులేటర్లలో కూర్చుని, ఇంజన్‌కు మంటలంటుకోవడం, చక్రం తెరుచుకోకపోవడం లాంటివి నేల మీదే ఎదుర్కొన్నారు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో చేరాలని కలలుకనే పిల్లలు మన మూడు ఊళ్లలోనూ ఉన్నారు. యలహంకలో ఏరో ఇండియా జరిగినప్పుడు కుప్పం నుంచి రైలెక్కి వెళ్లొచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ పిల్లలు రేపు నిజంగా కాక్‌పిట్‌లో కూర్చునే ముందు కూర్చునేది లింక్ పెట్టె మనవళ్లలోనే.

1954లో లింక్ తన కంపెనీని పెద్ద సంస్థలో కలిపేసి సముద్రం వైపు మళ్లారు. చంద్రుడి మీదికి వెళ్లినవాళ్లు సాధన చేసిన అపోలో సిమ్యులేటర్లు ఆ తర్వాత లింక్ పేరున్న సంస్థే తయారుచేసింది గానీ, అప్పటికి ఆయన ధ్యాసంతా నీటి అడుగున ఉంది. భార్య మేరియన్‌తో కలిసి పడవలో తిరుగుతూ మునిగిపోయిన ఓడలను, పట్టణాలను వెతికారు. 1692 భూకంపంలో సముద్రంలోకి జారిపోయిన జమైకా రేవుపట్టణం పోర్ట్ రాయల్‌లో ఆయన బృందానికి ఒక జేబుగడియారం దొరికింది. దాని ముళ్లు భూకంపం వచ్చిన వేళ దగ్గరే ఆగిపోయినట్టు తేలింది. 1962లో ఆయన తయారుచేసిన లోహపు గదిలో ఒక గజ ఈతగాడు 200 అడుగుల లోతున ఒక రోజుకు పైగా ఉండి వచ్చాడు. తర్వాత మిత్రుడు సీవర్డ్ జాన్సన్‌తో కలిసి జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామిని చేశారు. ముందు భాగం పారదర్శకమైన యాక్రిలిక్ గోళం, వెనక డైవర్లు కూర్చునే అల్యూమినియం గది.

1973 జూన్ 17న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ దగ్గర నలుగురితో అది కిందికి దిగింది. వెనక గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరు లింక్ కొడుకు క్లేటన్, వయసు 31. ఇంకొకరు ఆల్బర్ట్ స్టోవర్. వంద మీటర్లకు పైగా లోతున, మునిగిన ఒక పాత యుద్ధనౌక శిథిలాల్లో అది చిక్కుకుంది. ఒక రోజుకు పైగా బయటికి తీయలేకపోయారు. మనిషి వదిలే కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చేసే రసాయనం లోపల ఉంది, కానీ చలిలో అది సరిగా పనిచేయదు. అల్యూమినియం గోడల గది చల్లబడింది, గోళం అంతగా చల్లబడలేదు. ముందున్న ఇద్దరూ బతికారు. వెనకున్న ఇద్దరూ చనిపోయారు. ఎదురయ్యే ప్రమాదాన్ని ముందే నేల మీదికి తెచ్చి చూపించడం జీవితకాలపు వృత్తిగా పెట్టుకున్న మనిషి, సొంత కొడుకు కోసం నీటి పైన వేచి ఉండవలసి వచ్చింది. ఇది రాసేటప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను.

దుఃఖంలో ఆ తండ్రి మొదలుపెట్టిన పని ఏమిటంటే, నీటి అడుగున చిక్కుకున్న వాహనాన్ని చేరి, అడ్డుపడ్డ తాళ్లను కోసి, దాన్ని విడిపించే యంత్రం. కేబుల్‌కు కట్టి కిందికి దించేది, మనిషి లేకుండా పనిచేసేది, ముందు కెమెరా ఉన్నది. దాని పేరు కార్డ్. డెబ్బై ఏళ్ల వయసులో మళ్లీ వర్క్‌షాపులో కూర్చుని దాన్ని పూర్తిచేశారు.

1981 సెప్టెంబర్ 7న, 77 ఏళ్ల వయసులో ఎడ్విన్ లింక్ కన్నుమూశారు. బింగ్‌హాంటన్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఆ ఊళ్లోని రోబర్సన్ మ్యూజియంలో వాళ్ల నాన్న కంపెనీ చేసిన థియేటర్ ఆర్గాన్ ఒకటి ఉంది, ఒక నీలం పెట్టె కూడా ఉంది. రెండింటి కిందా ఉన్నవి అవే తిత్తులు.